కత్తెర లెక్క

కడపలో సముద్రం లేదు.
ఎర్రముక్కపల్లెలో మా కాలేజీ ల్యాబుకు
అది తపాలా కవర్లల్లో వస్తాది.

ఒక కవరు మీద లక్షద్వీపాలు,
ఒకదాని మీద అండమాను,
ఒకదాని మీద నోరు తిరగని అట్లాంటిక్ ఊరు.
లోపల చేపలుండవు, నీచు వాసనుండదు.
గాజుపలక మీద చుక్కంత మరక,
ఆ మరకను వెయ్యింతలు పెంచి తీసిన ఫోటోలు:
వరిపొట్టు చల్లినట్టు నల్లటి పుల్లలు.

నా పేరు ఓబుళమ్మ. అటెండరును.
అంతకుముందు వైవీ స్ట్రీట్‌లో
ముప్ఫై రూపాయలకు జాకెట్టు కుట్టినదాన్ని.
అందుకే చాన్‌బీ మేడం ఫోటో నా ముందర పెట్టి
"ఒక్కొక్క క్రోమోజోమూ కత్తిరించి
జతకు జత అతికించు ఓబుళమ్మా" అనింది.
కంప్యూటరు చేస్తాదంట ఆ పని.
దానికి కరెంటుండాల.
నా కత్తెరకు కిటికీ చాలు.

జత కలపడం నాకు కొత్తా?
పొడుగు చూస్తాను,
నడుము యాడ బిగిసిందో చూస్తాను.
ఇరవై నాలుగు జతలు, నలభై ఎనిమిది.
అట్లాంటిక్ కవరు ఎన్నిసార్లు విప్పినా
నలభై ఎనిమిదే.
"అవి పాత కొలతల బుక్కు పారెయ్యని టైలర్లు,"
అని నవ్వింది మేడం.
ఇటుపక్క సముద్రాలల్లో
ఇదే చేపకు దాయాదులున్నారంట,
వాళ్ళల్లో రెండు పుల్లలు కొసాకొసా కలిసి
ఒకటైపోతాయంట.
ఒక దీవి కాడ నలభై ఆరు,
ఇంకో దీవి కాడ ఇంకా తక్కువ.

నీళ్ళకు గోడలుండవు గదా మేడం, అంటి.
"ఎందుకుండవు? లోతు ఒక గోడ.
ఎదురు ప్రవాహం ఒక గోడ.
పుట్టిన పగడపు దిబ్బ వదల్లేని భయం
అన్నిటికంటే ఎత్తు."

మే నెల. ఫ్యాను ఆగిపోయింది.
అండమాను కవర్లో ఏడో చేప.
అతికించినా. లెక్కపెట్టినా.
నలభై ఏడు.

పెళ్ళి జాకెట్టుకు ఒక చెయ్యి పోగొట్టినట్టు
గుండె జారింది.
పైట దులిపినా, చెప్పుల అడుగు చూసినా,
మోకాళ్ళ మీద కూచోని
బండల సందుల్లో గుండుసూదితో గీకినా.
పుల్ల దొరకలే.

దొరికింది ఇంకోటి.
పదకొండేండ్లు తుడిచిన నేల
అంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలే.
నల్లటి కడప బండ మీద
చీర కుచ్చిళ్ళ మాదిరి సన్నటి మడతలు,
ఒకదాని వెనక ఒకటి.
"అలలు," అనింది మేడం వంగి.
"చేప అనేది పుట్టకముందరి నీళ్ళు.
వేంపల్లె దోవలో
పొరలు పొరలుగా గుండ్రటి రాళ్ళు చూసుంటావు,
ఆ కాలం పాచి కట్టిన దిబ్బలవి."

తర్వాత భూతద్దం తీసుకోని
నా కాగితం మీదికొచ్చింది.
శానాసేపు మాట్లాడలే.
"పోగొట్టలేదు నువ్వు.
ఇదిగో, నడుమ ముడి ఉన్న పొడుగుది,
అమ్మ దగ్గర అతుక్కోని వచ్చింది.
ఈ పొట్టివి రెండూ
నాయన దగ్గర విడివిడిగా వచ్చినాయి.
పుల్లలు కాదు, చేతులు లెక్కపెట్టు."

లెక్కపెట్టినా.
ముడికి అటొకటి, ఇటొకటి.
నలభై ఎనిమిది.

గుడ్డ ఎంతో అంతే ఉండాది.
కుట్టు పడింది, అంతే.

మరి వీటిని ఏ జతలో పెట్టేది?
"మూడూ పక్కపక్కనే అతికించు."
జత కాదు గదా మేడం.
"కాదు.
అయినా ఈదింది, తినింది, పెద్దదయింది."

బంక పూస్తా అనుకున్నా:
ఏ రాత్రో, చీమతలంత చేపపిల్ల ఒకటి
దోవ తప్పో, ధైర్యం చేసో
ఇంకో దిబ్బకు కొట్టుకోని పోయింటాది.
దాని లెక్క వేరని
ఆడెవరూ అడిగుండరు.

సాయంత్రం కత్తెర తుడిచి పెట్టి
బకెట్టు తెచ్చి నేల మీద నీళ్ళు పోసినా.
మడతలు తడిసి నల్లబడి
ఒక్క నిమిషం కదిలినట్టే ఉన్నాయి.
గుడ్డ చేతిలో పట్టుకోని
తుడవకుండా నిలబడితి.